ఆకు తెలిసింది మనకి, హక్కు ఎవరికి?



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నేలవేము మీలో ఎంతమంది గుర్తుపడతారు? మీ నాన్నమ్మ గుర్తుపడుతుంది. ఆ చేదాకులోని ఆండ్రోగ్రాఫోలైడ్ అనే పదార్థం వాపు మీద ఎలా పనిచేస్తుందో ల్యాబుల్లో పరీక్షించి పేపర్లు రాస్తున్నారు. వాటిలో మన నాన్నమ్మల పేర్లుండవు.

పసుపుతో గాయాలు మాన్పడం మీద 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చేశారు. మన సీఎస్ఐఆర్ సవాలు చేస్తే 1997లో రద్దయింది. ఎలా గెలిచారు? పసుపు వాడకం పాత పుస్తకాల్లో రాసుంది కాబట్టి. మరి మన కొండ మందులో? సవర, జాతాపు పెద్దల నోట్లోనే ఉన్నాయి. ఒక పెద్దాయన పోతే ఆయన మందూ పోతోంది.

కేరళలో కాణి ఆదివాసులు చూపించిన ఆరోగ్యపచ్చ మొక్కతో 'జీవని' అనే మందు తయారైంది. లైసెన్సు ఫీజులో, రాయల్టీలో సగం వాళ్లకి ఇచ్చేలా ఏర్పాటు జరిగింది. మంచిదే. కానీ అడవిలో ఆ ఆకు సేకరణకి అటవీ శాఖ అడ్డు చెప్పింది. అడవి మీద హక్కు లేకపోతే మందులో వాటా నిలబడదని అక్కడే తేలిపోయింది.

"నందిగాం ఐదో షెడ్యూల్‌లో లేదు, మనకేం హక్కులు" అంటారు కొందరు. 2006 అటవీ హక్కుల చట్టానికి షెడ్యూల్‌తో పనిలేదు. సెక్షన్ 3(1)(కె) చదవండి. జీవవైవిధ్యం, దాని చుట్టూ ఉన్న సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కు మనదని రాసుంది. ఫారం-బి నింపి గ్రామసభలో క్లెయిమ్ పెట్టాలి.

ఒక జాగ్రత్త. ప్రతి ఆకూ ప్రతి రోగానికీ మందు కాదు. పక్కనే ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇళ్లకి ఇళ్లనే ఖాళీ చేస్తోంది. తెలియని కషాయమైనా, షాపులో అడిగి మింగే నొప్పి మాత్రైనా కిడ్నీకి చేటే చేయొచ్చు. చీము పట్టినా, జ్వరం దిగకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మోతాదు తెలియకుండా మన పెద్దలూ మందు ఇవ్వరు కదా!

ఇక మన పని. పెద్దల దగ్గర కూర్చోండి. మొక్క పేరు మన భాషలో, దొరికే చోటు, ఎవరు నేర్పారు, ఏ తేదీన చెప్పారు, అన్నీ రాయండి. తయారీ గుట్టు ఫేస్‌బుక్‌లో పెట్టకండి. ఆ పుస్తకం గ్రామసభ దగ్గరే ఉండాలి. ఎవరైనా వచ్చి అడిగితే ముందు గ్రామసభ తీర్మానం తెమ్మనండి.

చదువుకున్నాం కాబట్టి ఈ రాత పని మనదే.

జై ఆదివాసీ!