రెండు అద్దాల నడుమ దూరం



ఎవరి స్మృతిలో మనం ఇక్కడ కూడామో ఆ మాస్టారు, భౌతికశాస్త్రంలో ఏ కొత్త మాట వచ్చినా "దీన్ని కొలవడం ఎలా?" అని తరగతిని నిలదీసేవారు. గురుత్వ తరంగాల చరిత్ర చాలావరకు ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే నడిచింది. 1916లో ఊహ పుట్టింది. 2015లో తరంగం చిక్కింది. మధ్యలో గడిచిన వందేళ్లూ మంచి పరికరాల కోసం ఎదురుచూసిన కాలమని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో నలభై ఏళ్లు, అసలు ఈ తరంగాలు ఉన్నాయా, ఉంటే వాటి జాడ దేనిలో కనబడుతుంది అన్న వాదంతోనే సరిపోయాయి. ఆ వాదం గురించే ఈరోజు ఎక్కువగా మాట్లాడతాను.

న్యూటన్ లెక్క ప్రకారం సూర్యుడి ఆకర్షణ భూమిని చేరడానికి కాలమే పట్టదు. సూర్యుడు ఉన్నపళంగా మాయమైతే భూమి ఆ క్షణానే దారి తప్పాలి. కానీ ఏ సమాచారమూ కాంతిని మించిన వేగంతో పోలేదని 1905లో ఐన్‌స్టైన్ ప్రత్యేక సాపేక్ష సిద్ధాంతం తేల్చింది. సూర్యకాంతి మనల్ని చేరడానికే దాదాపు 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. మరి ఆకర్షణ అంతకంటే ముందు ఎలా వస్తుంది? రెండు సిద్ధాంతాలకూ పొత్తు కుదరలేదు.

1907లో, బెర్న్ పేటెంటు ఆఫీసులో పనిచేస్తున్న ఐన్‌స్టైన్‌కు చిక్కుముడి కొస దొరికింది. ఎత్తు నుంచి పడుతున్న మనిషికి, పడుతున్నంతసేపూ, తన బరువు తెలియదు. అతని చేతిలోంచి జారిన నాణెం కూడా అతనితో సమానంగా పడుతూ పక్కనే నిలిచినట్టు ఉంటుంది. ఊరికే పడిపోవడంతోనే చెరిగిపోయేదాన్ని మామూలు బలం అనలేం. ఆ ఆలోచనను ఎనిమిదేళ్లు మథించి, 1915 నవంబరు 25న బెర్లిన్‌లో ప్రష్యన్ అకాడమీకి ఆయన తుది సమీకరణాలు సమర్పించారు. వాటి సారం ఇది: పదార్థం తన చుట్టూ ఉన్న స్థలాన్నీ కాలాన్నీ వంచుతుంది, మనం ఆకర్షణ అంటున్నది ఆ వంపునే. బరువైన నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటే వంపు క్షణక్షణం మారుతుంది. ఆ మార్పు కాంతి వేగంతో నలుదిక్కులకూ పాకుతుంది. అదే గురుత్వ తరంగం. ఐన్‌స్టైన్ దీన్ని 1916లో ప్రకటించారు, లెక్కలో దొర్లిన పొరపాటును 1918లో తానే దిద్దారు.

చిక్కు ఇక్కడే మొదలైంది. పడేవాడికి బరువు తెలియదన్న సత్యమే ఇప్పుడు అడ్డం తిరిగింది. తరంగం దాటిపోతున్నా ఒంటరిగా ఉన్న వస్తువు దానితోపాటే కదులుతుంది, దానికి ఏమీ తెలియదు. అలాంటప్పుడు సమీకరణాల్లో కనబడే అల ప్రకృతిలో ఉన్నదేనా, లేక కొలత కోసం మనం గీసుకున్న గళ్లే ఊగుతున్నాయా? కొన్ని రకాల అలలు ఉత్త గళ్ల ఊగులాటేనని 1922లో ఎడింగ్టన్ చూపించారు. 1936లో ఐన్‌స్టైనే, నాథన్ రోజెన్‌తో కలిసి, ఈ తరంగాలు లేవంటూ 'ఫిజికల్ రివ్యూ'కు వ్యాసం పంపారు. సంపాదకుడు దాన్ని ఒక పరిశీలకుడికి పంపగా, తర్కంలో తప్పుందని జవాబు వచ్చింది. తనను అడగకుండా మరొకరికి చూపించారని కోపగించి ఐన్‌స్టైన్ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ పరిశీలకుడు ప్రిన్స్‌టన్‌లో ఆచార్యుడైన హెచ్. పి. రాబర్ట్‌సన్. ఆయన తర్వాత ఐన్‌స్టైన్ సహాయకుడు ఇన్‌ఫెల్డ్‌తో కూర్చుని, ఆ పరిశీలకుడు తానేనని చెప్పకుండా, తప్పును విడమరిచారు. 1937లో వ్యాసం వేరే పత్రికలో వెలువడేటప్పటికి దాని ముగింపు మారిపోయింది. ఆయన పేరు పరిశీలకుడిగా బయటికి వచ్చింది ఈ శతాబ్దంలోనే. రాబర్ట్‌సన్ అంటే నాకు ఎనలేని గౌరవం.

వాదాన్ని తేల్చింది 1957 జనవరిలో అమెరికాలోని చాపెల్ హిల్‌లో జరిగిన సమావేశం. అక్కడ ఫీలిక్స్ పిరానీ చెప్పింది ఎంతో సరళం. ఒక్క వస్తువును చూస్తే ఏమీ తేలదు. స్వేచ్ఛగా పడుతున్న రెండు వస్తువులను చూడండి. భూమధ్యరేఖ మీద కాస్త ఎడంగా నిలబడ్డ ఇద్దరు నేరుగా ఉత్తరానికి నడిస్తే, ఎవరూ పక్కకు తిరగకపోయినా క్రమంగా దగ్గరై ధ్రువం దగ్గర కలుసుకుంటారు. నేల వంపు సంగతి ఏ ఒక్కరి నడకలోనూ లేదు, ఇద్దరి నడుమ దూరంలో ఉంది. గురుత్వ తరంగాన్నీ అలాగే పట్టాలి. అదే సమావేశంలో ఫైన్‌మన్ ఇంకో అడుగు వేశారు: తరంగం వచ్చి కర్రకు గుచ్చిన పూసలను జరిపితే రాపిడికి వేడి పుడుతుంది. వేడి పుట్టిందంటే ఆ తరంగం శక్తిని మోసుకొచ్చినట్టే.

ఆ సభలోనే ఉన్న జోసెఫ్ వెబర్ మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి తిరిగి వెళ్లి, పెద్ద పెద్ద అల్యూమినియం స్తంభాలతో పరికరాలు కట్టారు. 1969లో తరంగాలు దొరికాయని ప్రకటించారు. ఇతరులు అలాంటి పరికరాలే కట్టినా ఏమీ కనబడలేదు, ఆయన మాట నిలవలేదు. అయినా కాగితం మీది వాదాన్ని ప్రయోగశాలకు తెచ్చిన మొదటి మనిషి ఆయనే. ఆయనను ఓడినవాడిగా మాత్రమే గుర్తుపెట్టుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అదే విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన మన బెంగళూరు మనిషి సి. వి. విశ్వేశ్వర, కృష్ణబిలాన్ని కదిపితే ఏమవుతుందో కంప్యూటర్ మీద లెక్కగట్టారు. కొద్దిసేపు కంపించి, త్వరగా సద్దుమణుగుతుందని తేలింది. 1970లో అది 'నేచర్'లో వచ్చింది. మరోవైపు, 1974లో హల్స్, టేలర్ కనుగొన్న జంట నక్షత్రాలు 7 గంటల 45 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతూ, ఐన్‌స్టైన్ చెప్పిన మోతాదులోనే శక్తి కోల్పోయి దగ్గరవుతున్నాయి. తరంగాలు ఉన్నాయనడానికి అది పరోక్ష సాక్ష్యం.

ఇక గురుత్వ తరంగాలను పట్టడానికి అమెరికాలో రెండు చోట్ల కట్టిన లైగో. 1972లో రైనర్ వైస్ దాని పథకాన్ని వివరంగా రాశారు. పిరానీ చెప్పిన రెండు వస్తువుల స్థానంలో ఇక్కడ పరికరం ఒక్కో భుజంలో రెండు అద్దాలున్నాయి. ఒక్కోటి 40 కిలోలు, సన్నని సిలికా పోగులతో వేలాడుతుంది, రెండింటి నడుమ 4 కిలోమీటర్లు. ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు భుజాల్లో లేజర్ కాంతి వెళ్లి వస్తుంది. తరంగం వస్తే ఒక భుజం సాగుతుంది, రెండోది కుంచించుకుపోతుంది. తిరిగొచ్చిన కాంతి ఆ తేడా చెబుతుంది. 2015 సెప్టెంబరు 14న, మన గడియారంలో మధ్యాహ్నం 3 గంటల 20 నిమిషాలకు, లివింగ్‌స్టన్‌లోని పరికరం స్పందించింది. సుమారు 7 మిల్లీసెకన్ల తర్వాత, 3,000 కిలోమీటర్ల అవతల హాన్‌ఫర్డ్‌లోని పరికరం కూడా స్పందించింది. అద్దాల నడుమ దూరంలో వచ్చిన మార్పు ప్రోటాన్ వ్యాసంలో కొన్ని వందల వంతుల్లో ఒక్క వంతు. సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, సూర్యుడికి 36 రెట్లు, 29 రెట్లు ఉన్న రెండు కృష్ణబిలాలు కలిసి, 62 రెట్లున్న ఒక్కటిగా మారాయి. మిగిలిన మూడు సూర్యుల ద్రవ్యరాశి తరంగాల రూపంలో వెళ్లిపోయింది. ఆ సంకేతం చివర విశ్వేశ్వర లెక్కగట్టిన కంపమే ఉంది. ఆయన 2017 జనవరిలో కన్నుమూశారు. అప్పటికే ఈ వార్త విన్నారన్నది నాకు ఎంతో తృప్తినిస్తుంది.

రొదలోంచి అలాంటి సంకేతాన్ని ఏరే పద్ధతిని మన దేశంలో సంజీవ్ ధురంధర్, సత్యప్రకాశ్ 1990ల మొదటి నుంచే సానబెట్టారు. ఇంకా చేయాల్సింది చాలా ఉంది. రెండు పరికరాలతో తరంగం ఏ దిక్కు నుంచి వచ్చిందో స్థూలంగానే తెలుస్తుంది. 2017 ఆగస్టులో ఇటలీలోని వర్గో పరికరం కూడా తోడవడం వల్లే న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న చోటును టెలిస్కోపులు వెతికి పట్టుకోగలిగాయి. అందుకే, ఒకప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన, ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న హింగోలి ప్రాంతంలో, ఔంఢా నాగనాథ్ దగ్గర లైగో-ఇండియా రావాలి. 2023 ఏప్రిల్‌లో కేంద్రం దానికి సుమారు 2,600 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అక్కడ కిలోమీటర్ల పొడవున గొట్టాలు గాలి చొరకుండా అతికేవాళ్లు కావాలి, లేజర్లు సరిచేసేవాళ్లు కావాలి, ప్రోగ్రాములు రాసేవాళ్లు కావాలి. ముందు వరుసల్లో ఇంటర్, డిగ్రీ పిల్లలు చాలామంది కనిపిస్తున్నారు. మీలో ఎవరికి ఆసక్తి ఉన్నా సభ ముగిశాక నా దగ్గరకు రండి. ఏం చదవాలో, ఎక్కడ చేరాలో కూర్చుని మాట్లాడుకుందాం.