పాత గోడకు కొత్త పని
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

న్యూయార్క్ సోహోలో మేము కొన్న ఇల్లు ఒకప్పటి గిడ్డంగిలో ఒక భాగం. పోత ఇనుప స్తంభాలు, ఎత్తయిన కప్పు, నిలువెత్తు కిటికీలు. ఫ్యాక్టరీలు తరలిపోయాక, 1960లలో ఆ ఖాళీ అంతస్తుల్లో చట్టం ఒప్పుకోకపోయినా కళాకారులు కాపురం పెట్టారు. 1971లో నగరం వారికి అనుమతినిచ్చింది. 1973లో ఆ పేటను చారిత్రక ప్రాంతంగా ప్రకటించింది. మనుషులు ఉండబట్టే ఆ భవనాలు నిలిచాయి.

కొనే ముందు మూడు సంగతులు చూసుకున్నాం. నివాసానికి అనుమతిపత్రం ఉందా? కో-ఆప్ అయితే మన చేతికొచ్చేది గోడలు కాదు, సంఘంలో వాటాలు. బోర్డు మనల్ని ఒప్పుకుంటుందా? పైకప్పుకు, ముందు గోడకు మరమ్మతు వస్తే మన వంతు ఎంత? అక్కడ వీధివైపు కిటికీ మార్చాలన్నా ల్యాండ్‌మార్క్స్ కమిషన్ అనుమతి తప్పనిసరి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన బడి పాత పెంకుల భవనాన్ని కూల్చాలా, ఉంచాలా అన్నది నేడు కమిటీ ముందుంది. మమకారం ఒక్కటే దాన్ని నిలబెట్టదు. దానికో పని కావాలి, ఏటా మరమ్మతుకు డబ్బు కావాలి. గ్రంథాలయం చేద్దామని నా మనవి. ముందు ఇంజనీరు చేత పునాది, దూలాలు పరీక్ష చేయిద్దాం. ఆ ఖర్చు నేను భరిస్తాను. నిలవదని ఆయన తేల్చి చెబితే, కూల్చడానికి నేనూ చెయ్యెత్తుతాను.

సెలవు.