పేరు ఎవరిది, తాళం ఎవరి దగ్గర?



ఆన్‌లైన్‌లో చీరలు అమ్ముకునే ఒక మహిళా సంఘంతో ఈమధ్య మాట్లాడాను. వాళ్ల వెబ్‌సైట్ ఉన్నట్టుండి ఆగిపోయింది. దాన్ని తయారుచేసిన కుర్రవాడు డొమైన్ పేరూ, హోస్టింగ్ ఖాతా తన పేరు మీదే తీసుకున్నాడు. గడువు తీరుతోందన్న కబురు అతని ఈమెయిల్‌కే వెళ్లింది. డబ్బు మాత్రం వీళ్లది!

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా హక్కు 1985 నుంచే ఉంది. అయినా కాగితాల్లో పేరు లేకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. ఇక్కడా అంతే.

డొమైన్ అంటే దుకాణం పేరు. హోస్టింగ్ అంటే దుకాణం నడిచే అద్దె గది. రెండూ సంఘం పేరు మీద, సంఘం ఈమెయిల్‌తోనే తీసుకోవాలి. మొదటి ఏడాది తక్కువ ధర చూసి సంబరపడొద్దు. రెండో ఏడాది ఎంతో అడగండి. రోజూ బ్యాకప్ తీస్తారా? దాన్ని మనం దించుకోవచ్చా? వేరేచోటికి మారాలంటే మన ఫైళ్లు, కొనుగోలుదారుల వివరాలు మనకిస్తారా? ఈ జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. పాస్‌వర్డ్ కనీసం ఇద్దరు సభ్యుల దగ్గర ఉండాలి.

‘సాంకేతిక విషయాలు మనకెందుకులే’ అని వదిలేసిన ప్రతిచోటా అధికారం మన చేయి దాటింది. శ్రమ మనదైనప్పుడు తాళం చెవీ మన దగ్గరే ఉండాలి.