ఊరి ఆటస్థలం: ఎవరి సొమ్ము, ఎవరి పేరు



ఒక విద్యాలయం డెబ్బది ఐదేండ్లు నిండించుకొన్న శుభవేళ తరగతి గదులను గురించి, పరీక్షా ఫలితాలను గురించి, పేరు తెచ్చుకొన్న విద్యార్థులను గురించి ప్రసంగించడం ఆచారం. గోడలు లేని తరగతి గదియైన ఆటస్థలాన్ని తలచుకొనేవారు తక్కువ. అది ఎవరి సొమ్ముతో ఏర్పడుతుంది, ఎవరి పేరు మోస్తుంది, పదేండ్ల తరువాత దానిని ఎవరు పోషిస్తారు అన్న ప్రశ్నలు వినడానికి లెక్కల వ్యవహారంగా తోస్తాయి. వాస్తవానికి అవి పిల్లల భవిష్యత్తుకు సంబంధించిన ప్రశ్నలు.

కోవిల్పట్టి పేరు చెప్పగానే లోకానికి వేరుసెనగ మిఠాయి గుర్తుకు వస్తుంది. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. క్రీడాలోకానికి మాత్రం ఈ ఊరు హాకీ ఊరు. తమిళనాడు క్రీడాభివృద్ధి ప్రాధికార సంస్థ వారి హాకీ వసతి గృహం, కృత్రిమ పచ్చిక పరచిన మైదానం ఇక్కడ ఉన్నాయి. 2022 మే నెలలో జాతీయ జూనియర్ పురుషుల హాకీ పోటీలు ఈ మైదానంలోనే జరిగాయి. సరిగ్గా ఆ రోజులలోనే జకార్తాలో జరిగిన ఆసియా కప్ పోటీలలో కోవిల్పట్టికి చెందిన మారీశ్వరన్ శక్తివేల్, అరియలూరు నుండి వచ్చి కోవిల్పట్టి వసతి గృహంలో సాధన చేసిన కార్తీ సెల్వం భారత జట్టులో ఆడారు. పాకిస్తాన్‌తో జరిగిన తొలి పోటీలో భారతదేశం చేసిన ఏకైక గోలు కార్తీదే. ఆ జట్టు కాంస్య పతకంతో తిరిగి వచ్చింది. రాజధానికి ఎంతో దూరాన ఉన్న ఒక మెట్టప్రాంతపు పట్టణానికి ఇది సామాన్యమైన గౌరవం కాదు.

అయితే ఈ గౌరవం వెనుక ఎంత వ్యయం ఉన్నదో తెలియాలంటే 1976కు వెళ్ళాలి. ఆ సంవత్సరం కెనడా దేశంలోని మాంట్రియాల్ ఒలింపిక్ క్రీడలలో మొట్టమొదటిసారిగా హాకీని కృత్రిమ పచ్చికపై ఆడించారు. అంతవరకు మట్టిమీద, గడ్డిమీద ఆడి ఏడుమార్లు స్వర్ణపతకం గెలుచుకొన్న భారత జట్టు అక్కడ ఏడవ స్థానానికి దిగజారింది. అప్పటివరకు హాకీ ఆడడానికి చదునైన నేల, ఒక కర్ర, ఒక బంతి ఉంటే చాలు. ఆ తరువాత పైస్థాయి ఆటకు కోట్ల రూపాయల మైదానం తప్పనిసరి అయినది. చదును నేల ప్రతి ఊరికీ ఉంటుంది. కోట్లు ప్రతి ఊరికీ ఉండవు. క్రీడలో రాజకీయం ప్రవేశించడానికి ప్రధాన కారణం ఇదే. పిల్లవాని ప్రతిభ అతని ఇంటినుండి వస్తుంది. మైదానం మాత్రం ప్రభుత్వ ఉత్తరువు నుండి రావలసి వచ్చింది.

అదే మాంట్రియాల్ రెండవ పాఠం కూడా నేర్పింది. ఆ క్రీడల కోసం నిర్మించిన మహా క్రీడాప్రాంగణం అప్పు తీరడానికి ముప్పది ఏండ్లు పట్టింది. పొగాకుపై పన్ను వేసి, వసూలు చేసి, 2006 నాటికి గాని ఆ అప్పు తీర్చలేకపోయారు. పోటీలు పదహారు రోజులు, అప్పు ముప్పది ఏండ్లు!

ఇక ఈ దేశంలో సొమ్ము వచ్చే దారులు చూడదగినవి. రాజ్యాంగం ప్రకారం క్రీడలు రాష్ట్రాల జాబితాలోనివి. అయినా కేంద్రం పథకాలు పెట్టి నిధులిస్తూ వస్తున్నది. 2008లో గ్రామీణ క్రీడల కోసం పంచాయతీ యువ క్రీడా ఔర్ ఖేల్ అభియాన్ ఆరంభమైనది. 2014లో అది రాజీవ్ గాంధీ ఖేల్ అభియాన్‌గా మారింది. మరి రెండేండ్లకు అది ఖేలో ఇండియాలో కలిసిపోయింది. తమిళనాడులోనూ ఇదే వరస. 2020లో గ్రామపంచాయతీల యువకుల కొరకు అమ్మ పేరిట క్రీడా పథకం వచ్చింది. 2024లో అవే 12,525 గ్రామపంచాయతీలకు కలైఞర్ పేరిట క్రీడా పరికరాల పెట్టెలు వచ్చాయి. ప్రజలు కొంత సొమ్ము చెల్లిస్తే మిగిలినది ప్రభుత్వం భరించే ‘నమక్కు నామే’ పథకం 1997లో ఒక ప్రభుత్వం ప్రారంభించింది. 2011లో మరొక ప్రభుత్వం అదే పద్ధతిని స్వయంసమృద్ధి పథకమన్న పేరుతో నడిపింది. 2021లో పాత పేరు తిరిగి వచ్చింది.

ఇందులో ఏ ఒక్క పక్షాన్నీ నిందించవలసిన పని లేదు. అన్ని పక్షాలూ పిల్లలకు మేలు చేయాలనే తలపెట్టాయి. చిక్కు వేరేచోట ఉన్నది. పథకం పేరు మారిన ప్రతిసారీ పాత దస్త్రం మూతబడుతుంది, కొత్త దస్త్రం తెరుచుకొంటుంది. సగం లేచిన గోడ ఏ పేరు కిందకు వస్తుందో తేలేవరకు సగంలోనే నిలిచిపోతుంది. అయిదవ తరగతిలో హాకీ కర్ర పట్టిన బాలిక అప్పటికి పన్నెండవ తరగతి దాటిపోతుంది. ప్రభుత్వాలకు అయిదేండ్లు ఒక పదవీకాలం. ఆటగత్తెకు అయిదేండ్లు దాదాపు జీవితమంతా.

పార్లమెంటు సభ్యుల స్థానికాభివృద్ధి నిధి మరొక దారి. 1993 డిసెంబరులో మొదలైన ఆ నిధి 2011 నుండి ఒక్కొక్క సభ్యునికి సాలుకు 5 కోట్ల రూపాయలకు పెరిగింది. కోవిడ్ కాలంలో 2020లో దానిని నిలిపివేసి, తరువాత పునరుద్ధరించారు. శాసనసభ్యులకూ ఇటువంటి నిధి కలదు. వీటికి తోడు 2022లో తమిళనాడు ప్రభుత్వం 234 శాసనసభా నియోజకవర్గాలలో ఒక్కొక్కచోట 3 కోట్ల రూపాయల వ్యయంతో చిన్న క్రీడాప్రాంగణం నిర్మిస్తామని ప్రకటించింది. ఉద్దేశం శ్లాఘనీయం. కాని ఈ నిధులన్నింటికీ ఒక సామాన్య లక్షణమున్నది. అవి కట్టడానికి ఇస్తాయి, కాపాడడానికి ఇవ్వడం అరుదు. కొత్త ప్రాంగణానికి శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది, పూలమాల ఉంటుంది. చిరిగిన పచ్చికకు అతుకు వేసినందుకు, కాలిపోయిన నీటి మోటారు మార్చినందుకు ఎక్కడా శిలాఫలకం ఉండదు. పేరు రాని పనికి పైకం రాదు. గోపురం కట్టించేవారు దొరుకుతారు, నిత్యదీపానికి నూనె పోసేవారే దొరకరు. చివరకు ‘పేరు గొప్ప ఊరు దిబ్బ’ అన్న సామెత నిజమవుతుంది.

కోవిల్పట్టి వంటి చోట ఈ నిత్యదీపం ఖరీదు మరీ ఎక్కువ. ఇది నల్లరేగడి భూమి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విడుస్తుంది. పైమట్టి తవ్వి, గట్టినేల నింపి, నీరు పోయే కాలువలు అమర్చనిదే దానిపై ఏ చదునైన మైదానమూ నిలువదు. ఈ పని నేలలోపల జరుగుతుంది గనుక చూపరులకు కనిపించదు. కంటికి కనిపించే ప్రేక్షకుల మెట్ల కోసం కంటికి కనిపించని పునాదిని తగ్గిస్తే నష్టం రెండు వానాకాలాలలోనే బయటపడుతుంది. ఇక నీటి మాట. హాకీ కృత్రిమ పచ్చికను ఆటకు ముందు నీటితో తడపాలి. లేనిచో బంతి సరిగా సాగదు, పడిన పిల్లల చర్మం గీసుకుపోతుంది. తామ్రపర్ణి నుండి గొట్టాల ద్వారా వచ్చే నీటికై బిందెలతో ఎదురుచూచిన ఊరిలో, మైదానానికి పోసే నీరు ఎవరి వాటాలోనిదన్న ప్రశ్న తల్లులు అడుగుతారు. అడగడం న్యాయం. దానికి జవాబు చెప్పకుండా మైదానం కట్టడం న్యాయం కాదు. వాననీటి తొట్టి, శుద్ధిచేసిన నీటి వాడకం ప్రణాళికలో మొదటి పుటలోనే ఉండాలి. అంతర్జాతీయ హాకీ సమాఖ్య కూడా నీటి వాడకం తగ్గించే మైదానాల వైపు మళ్ళుతున్నది. దీనికి తోడు, కృత్రిమ పచ్చిక శాశ్వతమైనది కాదు. ఇంచుమించు పదేండ్లకు దానిని మార్చవలసిందే. పరచిన నాటినుండే మార్పిడికి సొమ్ము కూడబెట్టని ఊరు మళ్ళీ రాజధాని గుమ్మం ముందు నిలబడవలసి వస్తుంది.

మరి మార్గమేమి? అందుకు దూరం పోనక్కరలేదు. విరుదునగర్ వరకు పోతే చాలు. ఆ ఊరు విరుదుపట్టిగా పిలువబడుతున్న కాలంలో, 1885లో, అక్కడి నాడార్ వర్తక సమాజంవారు క్షత్రియ విద్యాశాలను నెలకొల్పారు. వర్తకంపై తమకు తామే విధించుకొన్న ‘మహిమై’ అనే చిన్న రుసుము వారి ఉమ్మడి నిధికి ఆధారం. బడి కొరకు ఇంటింటా పిడికెడు బియ్యం సేకరించే పద్ధతి కూడా ఉండేది. ఇల్లాలు వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు వేరుగా తీసి ఉంచేది. ఆ బియ్యం అమ్మగా వచ్చిన సొమ్ము బడికి చేరేది. ఆ బడిలో చదువుకొన్న కామరాజ్ తరువాత ముఖ్యమంత్రియై, 1956లో కోవిల్పట్టి సమీపాన గల ఎట్టయాపురంలో మధ్యాహ్న భోజన పథకాన్ని ప్రారంభించారు. ఆయన పాలనలోనే, 1958 నుండి, విద్యాశాఖాధిపతి నె. దు. సుందరవడివేలు కృషితో పాఠశాలాభివృద్ధి సభలు జరిగాయి. ఊరివారు తమ బడికి లోటుగా ఉన్న వాటిని జాబితా వ్రాసి, ఎవరికి తోచినది వారు సమకూర్చారు. బల్ల ఇచ్చినవారు బల్ల, గది కట్టించినవారు గది, స్థలమిచ్చినవారు స్థలం.

పిడికెడు బియ్యం పద్ధతిలోని గొప్పతనం దాని మొత్తంలో లేదు, దాని నిత్యత్వంలో ఉన్నది. ఒక్కనాడు వచ్చే కోటి కంటె ప్రతిదినం వచ్చే పిడికెడు సంస్థను నిలబెడుతుంది. పైగా ప్రతి ఇంటి పిడికెడూ అందులో ఉన్నది గనుక అది ప్రతి ఇంటివారి బడి అయినది. లెక్క అడిగే హక్కు అందరికీ కలిగింది. క్రీడాప్రాంగణానికి కావలసినది సరిగా ఇదే. నిర్మాణం ప్రభుత్వానిది కావచ్చు, పోషణలో ఊరికి భాగం ఉండాలి. కోవిల్పట్టిలో లక్ష్మీ అమ్మాళ్ స్మారక అఖిల భారత హాకీ పోటీలను స్థానిక విద్యాసంస్థలవారు నడుపుతూ రావడం ఇందుకు మంచి ఉదాహరణ. పోటీలు జరిగే మైదానం సజీవంగా ఉంటుంది. తాళం వేసిన మైదానం రెండేండ్లలో ముళ్ళకంపలపాలవుతుంది.

ఒడిశా అనుభవం కూడా గమనింపదగినది. 2023 ప్రపంచకప్ కొరకు రూర్కెలాలో ఆ రాష్ట్రం బిర్సా ముండా పేరిట మహా ప్రాంగణం నిర్మించింది. అంతటితో ఆగక, హాకీకి పుట్టినిల్లయిన సుందర్‌గఢ్ జిల్లాలోని 17 బ్లాకులలోనూ కృత్రిమ పచ్చిక మైదానాలను తలపెట్టింది. పెద్ద ప్రాంగణం చూడడానికి, చిన్న మైదానం ఆడడానికి. 2002 జాతీయ క్రీడలకు, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలకు హైదరాబాదు గచ్చిబౌలిలో లేచిన కట్టడాలను ఎరిగిన తెలుగువారికి ఈ తేడా విడమరచి చెప్పనక్కరలేదు. పండుగ కోసం కట్టిన పందిరి పండుగ తరువాత ఏ పనికి ఉపయోగపడాలో ముందే నిర్ణయించాలి. ఆ ప్రాంగణంలోని బహుళ అంతస్తుల భవనం 2020లో కోవిడ్ ఆసుపత్రిగా మారవలసి వచ్చింది. ఆపత్కాలంలో అది ఊరిని ఆదుకొన్నది, నిజమే. కాని ఆటగాళ్ళ ఇల్లు ఆటగాళ్ళకు తిరిగి దక్కేలా చూచేవారు కూడా ఉండాలి.

కావున కోవిల్పట్టిలోగాని, విరుదునగర్‌లోగాని క్రీడాప్రాంగణపు మాట వచ్చినప్పుడు ప్రజలు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. నిర్మాణ వ్యయంతో పాటు పదేండ్ల పోషణ వ్యయం అంచనాలో వ్రాశారా? నీరు ఎక్కడినుండి వస్తుంది? బడి పిల్లలకు ఏ వేళలు కేటాయించారు, వారి నుండి రుసుము వసూలు చేస్తారా? బాలికలకు దుస్తులు మార్చుకొనే గది, మరుగుదొడ్డి, చీకటి పడిన తరువాత దీపాలు ఉన్నాయా? ఈ చివరి ప్రశ్నకు జవాబు లేని ప్రాంగణం ఊరి పిల్లలలో సగం మందికి మూసినట్టే లెక్క. బహిరంగ సభలకు, వస్తు ప్రదర్శనలకు మైదానాన్ని ఇచ్చే పక్షంలో పాడైన నేలను బాగుచేసే బాధ్యత ఎవరిది? ఏటేటా జమాఖర్చులు ప్రకటిస్తారా?

అన్నింటికంటె ముందు, ప్రతి పాఠశాలా తన ఆవరణలోని ఆటస్థలాన్ని దక్కించుకోవాలి. 2009 విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలని స్పష్టంగా చెప్పింది. వాహనాలు నిలుపుకోవడానికి కొంత, కొత్త గదికి కొంత, గోడ జరిపి కొంత అంటూ ఆ స్థలం అడుగడుగుగా కరిగిపోవడం అనేక ఊళ్ళలో జరుగుతున్నది. 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు గల పూర్తి హాకీ మైదానం ప్రతి బడికీ సాధ్యం కాదు. కాని పరుగెత్తేటంత నేల, పడినా దెబ్బ తగలనంత మెత్తని మట్టి సాధ్యమే. మారీశ్వరన్ వంటి బాలుడు నేరుగా కృత్రిమ పచ్చికపై పుట్టడు. మొదట ఒక మట్టినేల మీద, ఒక వ్యాయామోపాధ్యాయుని ఈల శబ్దానికి పరుగెత్తుతాడు. ఆ మట్టినేల లేకపోతే కోట్ల మైదానానికి ఆటగాళ్ళు ఎక్కడినుండి వస్తారు?

శతాబ్దాలకు పూర్వం తెలుగు కుటుంబాలు ఈ నల్లరేగడిలో అడుగుపెట్టి, ముళ్ళకంపలు నరికి, ఊళ్ళు నిలిపిన గాథను ఇడైచెవల్ గ్రామవాసి కి. రాజనారాయణన్ తమిళంలో నవలలుగా వ్రాసి, 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. నేలను సాగుచేసి ఊరుమ్మడిగా కాపాడుకోవడం ఈ ప్రాంతపు తెలుగువారికి, తమిళులకు సమానమైన వారసత్వం. ప్లాటినం జూబిలీ వేళ పూర్వవిద్యార్థుల కానుకలు శిలాఫలకాలకు మాత్రమే కాక, చదును చేసిన నేలకు, నీటి తొట్టికి, ఏటేటా కొనవలసిన బంతులకు కూడా చేరాలి. పేరు చెక్కిన రాయి ఎక్కడ ఉన్నదో కొన్నాళ్ళకు ఎవరికీ గుర్తుండదు. సాయంకాలం ఆటస్థలం నుండి వినవచ్చే పిల్లల కేకలు మాత్రం ఊరంతా వింటుంది.

అందరికీ శుభమగు గాక!