గురుగ్రహపు హోరు

పత్తికొండలో డాబా మీద రాగితీగతో యాంటెన్నా కట్టి, మంచి షార్ట్‌వేవ్ రేడియోను 20 మెగాహెర్ట్జ్ దగ్గర పెడితే, గురుడు పలికే రాత్రుల్లో అలల హోరు, ఒక్కోసారి బొరుగుల బట్టీ దగ్గర వినబడేలాంటి చిటపట వినిపిస్తాయి. సముద్రం లేని ఊళ్లో సముద్రపు హోరు! 1955లో శాస్త్రవేత్తలు బర్క్, ఫ్రాంక్లిన్ మొదట పట్టుకున్నది ఈ రేడియో సంకేతాలనే. ఇదీ సూర్యుడి పనే అనుకోవడం సహజం. మన భూమి ధ్రువకాంతులకు సూర్యుడి నుంచి వీచే సౌరపవనమే కదా మూలం. కానీ గురుడి ఉపగ్రహం అయో ఎక్కడుందన్నదాన్ని బట్టి ఈ హోరు హెచ్చుతగ్గులవుతుందని 1964లో బిగ్ అనే శాస్త్రవేత్త చూపాడు. 1979లో వాయేజర్-1 వ్యోమనౌక అయో మీద అగ్నిపర్వతాలను చూసింది. వాటి గంధకపు వాయువు సెకనుకు సుమారు ఒక టన్ను చొప్పున బయటపడి, ఎలక్ట్రాన్లు ఊడి ప్లాస్మా అవుతుంది. పది గంటల లోపే ఒక చుట్టు తిరిగే గురుడి అయస్కాంత క్షేత్రం దాన్ని సెకనుకు 74 కిలోమీటర్ల వేగంతో ఈడ్చుకుపోతుంది. అయో వేగం 17 కిలోమీటర్లు మాత్రమే. ఆ తేడాలోంచే ఈ హోరుకు మూలమైన విద్యుత్తు పుడుతుంది.

మరి సౌరపవనానికి పాత్రే లేదా? ఉంది, అది ఒత్తిడి పెంచినప్పుడు గురుడి ధ్రువకాంతులు మరింత మెరుస్తాయి. అయితే సూర్యుడికి మనకన్నా ఐదు రెట్ల దూరంలో ఆ గాలి సాంద్రత ఇక్కడి దానిలో సుమారు 25వ వంతే. అసలు బలం గురుడి తిరుగుడుదే. ఇలాగే శని దగ్గర ప్లాస్మాకు సరుకు అందించేది దాని ఉపగ్రహం ఎన్సెలాడస్ చిమ్మే నీటి ఆవిరి. 2005లో కాసినీ వ్యోమనౌక ఆ ఆవిరిని కనిపెట్టింది.