వెనుక వచ్చువాని కొరకు ఒక వెలుగు
(రేడియో ప్రసంగ పాఠము)

  ఈ పూట మీతో సైకిలు లైటును గూర్చి మాట్లాడదలచితిని. నవ్వకండి. రాత్రి కూటము ముగిసిన తరువాత మందిరము గోడకు ఆనించిన సైకిళ్లను ఒకసారి లెక్కపెట్టండి. వాటిలో ఎన్నిటికి లైటు వెలుగుచున్నదో అదియు లెక్కపెట్టండి. తరువాత నవ్వుదము.

డైనమో పెట్టించిన సైకిలుకు రెండు దీపములు ఉండును. ముందుది మన కొరకు. గుంట ఎక్కడ, గట్టు ఎక్కడ, త్రోవకు అడ్డముగా పడుకొన్న గేదె ఎక్కడ అని మనకు చూపును. వెనుకది మన కన్నులకు కనబడదు. అది మన వెనుక లారీ తోలుకొని వచ్చు ముక్కు మొగము తెలియని మనిషి కొరకు. అందుచేతనే మొదట పాడగునది అదే, చివరకు బాగుచేయబడునది కూడా అదే. ముందు దీపము ఆరిపోతే ఆ రాత్రే తెలిసిపోవును. వెనుక దీపము ఆరి ఆరు నెలలైనను యజమానునికి తెలియదు. తెలిసిన మొదటి మనిషి లారీ డ్రైవరు కాకూడదు గదా!

మొన్న ఒక యౌవనస్థుని ఉత్తరము అందినది. వారి నాన్నగారు తెల్లవారుజామున నాలుగు గంటలకే పాల క్యానులు కట్టుకొని పెద్దరోడ్డు మీద సైకిలుపై వెళ్లుదురట. డైనమో ఉన్నది, బల్బు మంచిదే. అయినను లైటు ఒక్కోసారి వెలుగును, ఒక్కోసారి వెలుగదు. విచిత్రమేమనగా, గుంటలో పడినప్పుడు వెలుగునట! షాపువారు డైనమో మార్చమనిరి. మార్చినను అదే స్థితి. నాన్న తిరిగి వచ్చువరకు అమ్మ వాకిట్లోనే నిలువబడునని వ్రాసి, ప్రార్థించమని అడిగినాడు. ప్రార్థించితిమి, తమ్ముడా. అయితే ఈ ఉత్తరమునకు ప్రార్థన ఒక్కటే జవాబు కాదు. రెండు మూరల వైరు కూడా కావలెను. ఎందుకో చెప్పెదను.

టైరుకు ఆనుకొని తిరుగు ఆ చిన్న బుడ్డిలో ఒక అయస్కాంతము, దాని చుట్టు రాగి తీగ చుట్ట, అంతే ఉన్నవి. అయస్కాంతము తిరుగగా తీగలో కరెంటు పుట్టును. 1831లో లండనులో ఈ సంగతిని కనుగొన్నవాడు మైఖేల్ ఫారడే. ఒక కమ్మరి కుమారుడు, పుస్తకములు కుట్టు పని నేర్చినవాడు, పెద్ద చదువులు లేనివాడు. అంతేకాదు, శాండిమేనియన్ అను చిన్న సంఘములో పెద్దగా ఉండి వాక్యము చెప్పినవాడు. సముద్రపు దీపస్తంభములకు సలహాదారుగా కూడా ఆయన పనిచేసెను. 1858లో ఇంగ్లాండులోని సౌత్ ఫోర్లాండ్ దీపస్తంభములో మొదటిసారి విద్యుత్ దీపము వెలిగించి చూచినప్పుడు, ఆ యంత్రములో తిరిగినది ఈ సూత్రమే. ఓడలకు త్రోవ చూపినదియు, పాలవాని సైకిలుకు త్రోవ చూపునదియు ఒక్కటే పని.

మన డైనమోలు సాధారణముగా 6 వోల్టులు, 3 వాట్లు. అందులో ముందు బల్బుకు 2.4 వాట్లు, వెనుక బల్బుకు 0.6 వాటు. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకొనండి. ముందు బల్బు మాడిపోయినచో, దాని పాలు కూడా వెనుక చిన్న బల్బు మీదనే పడును, అదియు వెంటనే మాడిపోవును. ఒకటి పోయినది గదా, ఇంకొకటి ఉన్నదిలే అనుటకు వీలులేదు. జేబులో రెండు బల్బులు దూదిలో చుట్టి ఉంచుకొనుట మంచిది.

ఇప్పుడు ఆ తమ్ముని ప్రశ్నకు వత్తును. కరెంటు వెళ్లుటకు ఒక దారి, తిరిగి వచ్చుటకు ఒక దారి కావలెను. మన సైకిళ్లకు షాపులో ఒక్క వైరే లాగుదురు. తిరిగి వచ్చు దారి సైకిలు ఇనుమే. డైనమో వెనుక చక్రము దగ్గర, హెడ్ లైటు హ్యాండిలు దగ్గర ఉన్నప్పుడు, ఆ కరెంటు హ్యాండిలు క్రింద తిరుగు బాల్సు గుండ రావలెను. అక్కడ గ్రీజు ఉండును, తుప్పు ఉండును. డైనమో పట్టీ క్రింద పెయింటు ఉండును. గుంటలో పడి బాల్సు ఒకదానికొకటి గట్టిగా తగిలినప్పుడు దారి కుదురును, లైటు వెలుగును. తిన్నని రోడ్డు మీద దారి తెగును. డైనమో ఎన్నిసార్లు మార్చినను ఏమి లాభము?

దీనికి చేయవలసినది, రెండు పోగుల సన్నని వైరు తెచ్చి, ఒకటి వెళ్లుటకు, ఒకటి వచ్చుటకు లాగుట. రెండవ పోగును డైనమో ఒంటికి, లైటు ఒంటికి బిగించవలెను. వైరులో ఒకే గట్టి తీగ ఉన్నది వద్దు, సైకిలు అదురుకు అది విరిగిపోవును. అనేక సన్నని తీగలు కలిసి ఉన్నదే తీసుకొనండి. చివరలు మెలిపెట్టి టేపు చుట్టి వదలక, రేడియో బాగుచేయువాని దగ్గర సోల్డరింగ్ చేయించండి. పొరపాటున రెండు పోగులు తారుమారై కలిసిపోయినను భయపడకండి. డైనమో కాలిపోదు, లైటు మాత్రము రాదు.

వైరు కనబడకుండ లాగుమని యౌవనస్థులు అడుగుదురు. అందము కొరకు అడుగుదురు, అడగనివ్వండి. నా మట్టుకు నాకు అందము రెండవది. వ్రేలాడు వైరును గడ్డిమోపు లాగును, పిల్లవాడు లాగును, మేక కొరుకును. దాగిన వైరును ఎవరు తెంపుదురు? అయితే దాచుట వేరు, ఎక్కడో ఒకచోట దూర్చుట వేరు. వెనుక దీపము వైరును మడ్‌గార్డు లోపలి అంచు మడతలో పెట్టి, టైరుకు తగులకుండ, జానెడుకొకచోట ఎం-సీల్ ముద్ద అద్దండి. నడుమ పెట్టిన యెడల బురద, కంకర దానిని గీకివేయును. ముందుకు పోవు వైరు పై గొట్టము అడుగున పోనీయండి. బ్రేకు కడ్డీలు కదలు చోటికి దానిని రానీయకండి.

గొట్టము లోపలనుండి పంపవలెనని కొందరి ఆశ. ఫ్రేముకు ముందే ఉన్న రంధ్రము గుండ పోవునట్లయితే సంతోషము. పాత బ్రేకు తీగను మొదట దూర్చి, దానికి వైరు కట్టి, మెల్లగా లాగండి. రంధ్రము అంచున రబ్బరు తొడుగు పెట్టండి, లేనిచో ఇనుము అంచే కత్తియగును. రంధ్రము లేదని క్రొత్తగా డ్రిల్లు వేయించకండి. అతుకుల దగ్గర, ముందు ఫోర్కు దగ్గర అసలే వద్దు. రెండు పాల క్యానుల బరువు మోయు ఫ్రేము అది.

హ్యాండిలు దగ్గర మాత్రము వైరును బిగువుగా కట్టకూడదు. హ్యాండిలును ఇటు చివరకు, అటు చివరకు త్రిప్పి, రెండు వైపులా వైరు సులువుగా కదలునట్లు ఒక చిన్న ఉచ్చు వదలి, ఆ తరువాతనే కట్టండి. చాలా వైర్లు తెగునది ఇక్కడనే.

డైనమో బుడ్డి నడుమ గీత చక్రము ఇరుసు వైపు సూటిగా చూడవలెను. ఓరగా ఉన్నచో టైరు అరిగిపోవును, త్రొక్కుట బరువగును. పట్టీ బోల్టును నెలకొకసారి బిగించండి. అది వదులై బుడ్డి పుల్లలలోనికి పోయిన యెడల చక్రము ఒక్కసారిగా ఆగిపోవును, మనిషి ఎగిరి పడును.

సెల్లు టార్చి కట్టుకొనువారిని నేను తప్పుపట్టను. కాని సెల్లు అయిపోవు రాత్రి ఏదో అది ముందుగా చెప్పదు. బుద్ధిలేని అయిదుగురు కన్యకల సంగతి మీరెరుగుదురు. జర్మనీ దేశములో 2013 వరకు సాధారణ సైకిళ్లకు డైనమో ఉండవలెనని రోడ్డు చట్టమే ఉండెను. డైనమోకు లోపము లేదనను. సైకిలు ఆగితే లైటు ఆగును. రోడ్డు దాటుటకు నిలిచిన ఆ నిమిషమే ప్రమాదము. అందుకే ఎర్ర రిఫ్లెక్టరు కూడా తప్పక ఉంచండి. ఇప్పుడు ఎల్.ఇ.డి. దీపములలో కొన్నిటికి, ఆగిన తరువాత కూడా కొన్ని నిమిషములు వెలుగు ఏర్పాటున్నది. డైనమో కొరకు చేసినదేనా అని అడిగి కొనండి. టార్చి ఎల్.ఇ.డి.ని నేరుగా తగిలించినచో, వేగముగా త్రొక్కినప్పుడు వోల్టులు పెరిగి అది మాడిపోవును.

పని అయిన తరువాత చీకటి పడనిచ్చి, సైకిలుకు స్టాండు వేయండి. ఇంటిలో ఒకరిని చక్రము త్రిప్పుచుండమని, మీరు ఇరువది అడుగులు వెనుకకు నడచి, లారీ వచ్చు వైపున నిలిచి చూడండి. క్యానులు కట్టిన తరువాత కూడా చూడండి, సంచి గాని క్యాను గాని ఎర్ర దీపమును మూసివేయవచ్చును. తమ్ముడా, చక్రము త్రిప్పుటకు అమ్మగారిని పిలువు.