వార్త విని షేరు కొన్నాను
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు ప్రసంగం)

నేను పదో తరగతి వరకు చదువుకున్నాను. ఆరేళ్లుగా మా సంఘానికి లీడరుని. ఈరోజు మా సంఘం సాధించిన వాటి గురించి కాదు, నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను.

2024 జూలై మొదటి వారంలో జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా మూడూ రీఛార్జి ధరలు పెంచాయి. జియోలో 239 రూపాయల ప్లాను 299 అయ్యింది. మనమంతా తిట్టుకున్నాం. మా మరిది, అతని స్నేహితులు మాత్రం సంబరపడ్డారు. సాయంత్రమైతే మా అరుగు మీద చేరి ఫోన్ షేర్ల గురించే మాట్లాడేవాళ్లు. "ఒక్కో కస్టమరు నుంచి నెలకొచ్చే డబ్బు పెరుగుతుంది, 5జీ కూడా వచ్చింది, ఇక ఈ షేర్లకు తిరుగులేదు" అనేవాళ్లు. టీ ఇస్తూ నేనూ వినేదాన్ని. 60 రూపాయలు ఎక్కువ కట్టేది మనమే కదా, ఆ లాభంలో కాస్త మనకూ వస్తే తప్పేంటి అనిపించింది.

కుట్టుమిషను కొంటానని సంఘంలో 20,000 అప్పు రాయించుకున్నాను. ఆ డబ్బుతో మా మరిది ఖాతాలో, ఫోన్ కేబుళ్లు వేసే ఒక చిన్న కంపెనీ షేర్లు 62 రూపాయల చొప్పున 300 కొనిపించాను. నాలుగు నెలల్లో అది 41కి దిగింది. అమ్మేస్తే 6,300 నష్టం. మిషను రాలేదు గానీ కిస్తీ మాత్రం నెలనెలా వచ్చింది.

ఆ తర్వాత కూర్చుని పాత వార్తలు చదివాను. రిలయన్స్ కమ్యూనికేషన్స్ షేరు 2008 జనవరిలో 800 దాటింది. 2019లో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి పోయింది, షేరు రెండు రూపాయల లోపుకు పడింది. ఆ పదకొండేళ్లలో జనం ఫోన్లు మానేశారా? ఇంటింటికీ ఫోన్ వచ్చింది! వ్యాపారం పెరిగినా షేరు కొన్నవాళ్లు మునిగారు. దివాలా తీస్తే ముందు అప్పులవాళ్లకు ఇస్తారు, షేరుదారు వరసలో అందరికంటే చివర.

వొడాఫోన్ ఐడియా సంగతీ అంతే. ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీల్లో కొంత 2023లో, మరికొంత 2025లో షేర్లుగా మార్చారు. దాంతో 2025లో సుమారు 49 శాతం వాటా ప్రభుత్వానిదైంది. పదిమంది పంచుకోవాల్సిన లాభానికి ఇంకో పదిమంది వచ్చి కూర్చుంటే పాతవాళ్ల వాటా ఏమవుతుందో మనకు తెలియనిదా?

అరుగు మీద అన్ని రోజులు మాట్లాడుకున్నారు గానీ, "ఆ కంపెనీకి అప్పెంత?" అని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. సంఘంలో ఏ అక్క అప్పు కోరినా మనం మొదట అడిగేది అదే.

సమావేశంలో ఇదంతా ఒప్పుకున్నాను. ఎవరూ మాట్లాడలేదు. చివరికి మాలో పెద్దామె అంది: "బర్రెను కొనేటప్పుడు పళ్లు చూస్తాం, పాలు పిండి చూస్తాం. దీన్ని ఏం చూసి కొన్నావమ్మా?" నా దగ్గర జవాబు లేదు. డబ్బు పోయినందుకు కంటే, పుస్తకంలో కుట్టుమిషను అని అబద్ధం రాసినందుకు ఎక్కువ సిగ్గేసింది. లీడరుగా తప్పుకుంటానన్నాను. "తప్పుకోవద్దు, అప్పు తీర్చు. అప్పటిదాకా పుస్తకం ఇంకొకరు రాస్తారు" అని తీర్మానం చేశారు.

షేర్లు కొనడం పాపమని నేననను. అదే వార్త విని వేరే షేరు కొని లాభపడ్డవాళ్లూ ఉన్నారు. కానీ అక్కల్లారా, సంఘం అప్పు షేర్లలోకి పోకూడదు. పోయినా ఇల్లు గడిచే సొంత డబ్బయితేనే, సొంత పేరున ఖాతా ఉంటేనే ఆలోచించండి. సలహా ఇచ్చేవాళ్లకు సెబీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. కంపెనీ అప్పెంతో అడగండి. ఎవరైనా మోసం చేసి ఆన్‌లైన్‌లో డబ్బు లాగితే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

మొన్న మార్చిలో నా అప్పు తీరింది. పుస్తకం తిరిగి తీసుకోమన్నారు. ఆమె చక్కగా రాస్తోంది, ఆమె దగ్గరే ఉండనివ్వండి, నెలనెలా అందరి ముందు చదివితే చాలు అన్నాను.